పార్కింగ్‌లో ఎండిన చెట్టు, నా పాండిత్యం

ఆ రోజుల్లో ఉద్యోగం రావాలంటే చదువుతో పాటు ఏదో ఒక హాబీ కూడా ఉండి తీరాలని మా బ్యాచ్ మొత్తానికీ గట్టి నమ్మకం. నాకేమో నిద్ర, పానీపూరీ తప్ప వేరే అభిరుచులు లేవు. అవి రాస్తే బాగుండదని రెజ్యూమేలో ‘ప్రకృతి పరిశీలన’ అని రాశాను. (రాసే క్షణంలో నా కళ్లముందున్న ప్రకృతి, హాస్టల్ కిటికీలోంచి కనిపించే నీళ్ల ట్యాంకు.) అంత కిందిదాకా ఎవరు చదువుతారులే అనుకున్నాను గానీ, బెంగుళూరు బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసులో చేరిన కొత్తలోనే మా మేనేజరు చదివాడు. కాఫీకి పిలవాలన్నా ముందు ఎజెండా పంపే మనిషి కాబట్టి ఆయన్ని మేం ఎజెండా సార్ అనేవాళ్లం. హెడ్డాఫీసు నుంచి వస్తున్న డైరెక్టరుకి చెట్లంటే పిచ్చి అని ఆయన ఎక్కడో విన్నాడు. వెంటనే శనివారం ఉదయం క్యాంపస్‌లో ‘ట్రీ వాక్’ పెట్టేశాడు. “నువ్వే లీడ్ చెయ్యాలమ్మా. నీ హాబీయే కదా, ఎంజాయ్ చేస్తావ్!” అన్నాడు.

అప్పట్లో నేను మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. పెళ్లయి బెంగుళూరు వచ్చి, ఇక్కడి స్కూల్లోనే సైన్సు టీచరుగా రిటైరయిన మనిషి. నా కష్టం విని జాలిపడుతుందనుకుంటే, పరీక్ష పెట్టింది. “చెట్టు నీళ్లు ఎట్ల తాగుతాది?” “వేళ్లతో అత్తా.” “వేళ్లు తాగితే పైకి తోసేదెవురు? లోపల మోటారు ఉండాదా?” అత్త నా చేతిలో బత్తాయి రసం పెట్టి, అందులో స్ట్రా వేసింది. “నువ్వు పీలుస్తా ఉండావే, అట్ల. ఆకుల్లోంచి నీళ్లు ఆవిరైపోయే కొద్దీ, కొయ్యలోని సన్న గొట్టాలెంబడి కింది నీళ్లు పైకి లాగుకుంటాయి. ఆకు తయారుజేసిన చక్కెర బెరడు లోపలి దారిలో కిందికి దిగుతాది. ఈ రెంటి మధ్య పల్చటి పొర ఒకటి ఉండాది. మాను లావయ్యేది దాంతోనే. నడిమధ్య చేవంతా సచ్చిన కొయ్యే.” “చచ్చిన కొయ్యతో చెట్టు ఎలా బతుకుతుంది అత్తా?” “బతుకంతా బెరడు కిందనే ఉండాది. గోరుతో గీకితే పచ్చగా కనపడాల.” జ్ఞానమంతా రసంతో పాటే లోపలికి దిగిందనుకుని హాయిగా పడుకున్నాను.

శనివారం నేను మాట్లాడుతుంటే నాకే ముచ్చటేసింది. నీళ్లని కిందికి, చక్కెరని పైకి పంపించాను గానీ ఎవరూ కనిపెట్టలేదు. అంతా సాఫీగా పోతోందనుకుంటుండగా పార్కింగ్ దగ్గరికి వచ్చాం. అక్కడ ఒక్క ఆకైనా లేని పెద్ద చెట్టు కింద ఇద్దరు మనుషులు తాళ్లు, రంపం సర్దుకుంటున్నారు. పక్కనే మా బిల్డింగ్ మెయింటెనెన్స్ చూసే తాళాల అన్న నిలబడి ఉన్నాడు. (నడుముకి అంత తాళాల గుత్తి వేలాడేది. ఆయన వస్తున్నాడని మూలమలుపు అవతలి నుంచే తెలిసేది.) కొట్టేస్తున్నారా అని డైరెక్టరు అడిగాడు. “సచ్చిపోయిండాది సార్. కొమ్మ ఇరిగి కారు మింద పడితే నన్నే అంటారప్పా,” అన్నాడు తాళాల అన్న. డైరెక్టరు నా వైపు తిరిగాడు. ఆయనతో పాటు అందరూ తిరిగారు.

ఆ చెట్టు పేరేమిటో కూడా నాకు తెలియదు. అయినా రంపం పళ్లు చూశాక నాలో ఏదో కదిలింది. “చెట్టు చావలేదు సార్. ఎండల్లో నీళ్లు ఆదా చెయ్యడానికి ఆకులు రాల్చుకుంది,” అంటూ అందిన రెమ్మని గోరుతో గీకాను. లోపల గోధుమరంగు. విరిస్తే టప్పుమంది. ఇంకోటి గీకాను. అదీ అంతే. తాళాల అన్న మర్యాదగా ఆకాశంకేసి చూశాడు. చెమటలు కక్కుకుంటూ అటువైపుకి వెళ్లి, మడమలెత్తి ఒక లావు కొమ్మని గీకితే, తడితడిగా, లేత చిక్కుడుకాయ రంగులో పచ్చదనం! పరీక్ష పాసైన రోజు కూడా నేను అంత గట్టిగా అరవలేదు. డైరెక్టరు సంతోషపడి, కోత ఆపమని చెప్పి, ఎప్పుడు చిగురిస్తుంది అన్నాడు. “ఉగాదికి సార్!” అన్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఉగాది వచ్చింది. పచ్చడి తిన్నాం. చెట్టు మాత్రం మోడులాగే నిలబడి ఉంది. లిఫ్టులో ఎవరు కనపడినా “మీ పేషెంట్ ఎలా ఉంది?” అనేవాళ్లు. ఎజెండా సార్ ‘ట్రీ స్టేటస్’ అని వారంవారం మీటింగు పెట్టాడు. తాళాల అన్న మాత్రం ఎగతాళి చెయ్యలేదు. “ఇంక నేను ఆపలేను మ్యాడం. పైనోళ్లు అడగతా ఉండారు,” అన్నాడు. ఆ మాటకి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అత్తకి చెబితే ఆటో ఎక్కి ఆఫీసుకే వచ్చేసింది. ముందు నన్నే తిట్టింది. “చెట్టుకు పంచాంగం ఎవురు చెప్పినారే? దానికి తెలిసింది ఎండా, తేమా!” తర్వాత కిందికి చూసి ఆగిపోయింది. మానుని ఒరుసుకుంటూ చుట్టూ టైల్స్. “వేళ్లకూ గాలి కావల్లప్పా. ఊపిరాడకుండా గొంతుదాకా కప్పిపెట్టినారే!” “టైల్స్ పగలగొడితే నా ఉద్యోగం పగులుతాదమ్మా,” అన్నాడు తాళాల అన్న. అత్త టీచరు చూపు ఒకటి చూసింది. రిటైరైనా ఆ చూపుకి పదును తగ్గలేదు. సాయంత్రానికి టైల్స్ లేచాయి, మట్టి గుల్లయింది, పైపు తెచ్చి తాళాల అన్నే నీళ్లు పెట్టాడు. (పైవాళ్లకి ‘లీకేజీ పని’ అని చెప్పాడట.)

నడివేసవిలో మామిడి వానలు నాలుగు జల్లులు పడ్డాక కొమ్మల చివర్లలో చీమ తలంత చిగుళ్లు వచ్చాయి. ఆ తర్వాత ఎర్రటి పూలు. అప్పుడు తెలిసింది అది గుల్‌మొహర్ అని. అయితే పూసింది ఒక పక్కే. నేను మొదట గీకిన వైపు కొమ్మలు ఎప్పటికీ చిగురించలేదు. అవి నిజంగానే చచ్చిపోయాయి. తాళాల అన్న ఆ వైపు మాత్రం కోయించి, “మీరూ గెలిచినారు, నేనూ గెలిస్తిని మ్యాడం,” అని నవ్వాడు. టైల్స్ తీసెయ్యడం వల్ల బతికిందా, వానల వల్లా, లేక మేమేం చెయ్యకపోయినా ఎప్పటిలాగే పూసేదా అని అత్తని అడిగితే, “అది చెట్టునే అడగల్ల,” అంది. ఎజెండా సార్ మాత్రం తన నాయకత్వంలో చెట్టు పునర్జన్మ ఎత్తిందని స్లయిడ్లు తయారుచేసి డైరెక్టరుకి చూపించాడు. ఆ దెబ్బతో నేను ఆఫీసుకి చెట్ల డాక్టర్నయ్యాను. వాడిపోయిన మనీప్లాంట్లన్నీ నా డెస్కు మీదికి చేరేవి. వాటిలో ఒకటి ప్లాస్టిక్‌ది.

అప్పటి నుంచి చెట్ల గురించి చదువుతూనే ఉన్నాను. ఇప్పుడు నిజంగానే కొంచెం తెలుసు. మొన్న పక్కింటావిడ ఎండిన వేపమొక్క చూపించి బతుకుతుందా అని అడిగితే, అటు వంగి, ఇటు వంగి చూసి, “చెప్పలేమండీ, చూద్దాం,” అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇదే ఇరవై రెండేళ్ల నేనైతే కళ్లు మూసి తెరిచేలోగా వినాయక చవితికని చెప్పి, ఆవిడకి ఆ పూటకి హాయిగా నిద్రపట్టేలా చేసి ఉండేదాన్ని.