కొయ్యకాలుకు హెబ్రీ అర్థం

గుంటూరులో బైబిలు బడిలో మాకు నాలుగు నెలలు హెబ్రీ చెప్పారు. నాలుగు నెలల్లో ఎవరికైనా వచ్చేది అక్షరాలు, ఓ యాభై మాటలు, బోలెడంత గర్వం. నాకు మొదటి రెండూ అంతంతమాత్రం, మూడోది మాత్రం పూర్తిగా వచ్చింది. ఆ గర్వంతోనే పందొమ్మిదివందల యాభైల చివర్లో, ఇరవై మూడేళ్ల వయసులో, సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెకు ఉపదేశిగా వెళ్లాను.

మిరప కోతల కాలం. ఆదివారం ప్రార్థనకు వచ్చినవాళ్లందరి బట్టలకూ ఘాటే. నేను నోరు తెరిస్తే చాలు ఎవరో ఒకరు తుమ్మేవాళ్లు. ఆ రెండు మూడు నెలలూ మా చర్చిలో ఆమెన్ల కంటే తుమ్ములే ఎక్కువ వినపడేవి.

ముందు వరసలో మిలట్రీ పెద్దయ్య కూర్చునేవాడు. యాభై ఏళ్లుంటాయి. యుద్ధంలో ఎడమకాలు మోకాలి కింద పోయిందని ఊరంతా చెప్పుకునేవాళ్లు. ఊళ్లో వడ్రంగి తుమ్మచెక్కతో కాలు చేసిపెట్టాడు. చర్చి గంట కొట్టేది ఆయనే. గట్టు తగాదాల్లో చొక్కాలు పట్టుకున్నవాళ్లు కూడా ఆయన కాలి చప్పుడు వినపడితే చేతులు వదిలేసేవాళ్లు.

ఆ ఆదివారం నేను దుర్మార్గుల గతి గురించి ఎత్తుకున్నాను. కొత్త ఉపదేశికి అంతకంటే రుచైన విషయం ఉండదు. ఎవర్నీ పేరుపెట్టి తిట్టకుండా అందర్నీ తిట్టొచ్చు. పాత నిబంధనలో చివరి పుస్తకం తీశాను. రాబోయే దినం పొయ్యిలా మండుతుందనీ, దుర్మార్గులంతా ఆ రోజు కొయ్యకాలులా ఉంటారనీ, వేరూ చిగురూ మిగలకుండా కాలిపోతారనీ అందులో ఉంది. చదివి ఊరుకోక, గొంతు పెంచి "కొయ్యకాలు!" అని ఇంకోసారి అన్నాను.

తుమ్ములు ఆగిపోయాయి. జనమంతా మెడలు తిప్పి పెద్దయ్య కాలు వైపు చూశారు. నేనది గమనించలేదు. నా ప్రసంగానికే ఇంత నిశ్శబ్దం అనుకుని పొంగిపోయాను.

"హెబ్రీ భాషలో దీన్ని కష్ అంటారు" అన్నాను.

"కష్టమే గదయ్యా మరి, కొయ్యకాలంటే" అంది వెనక నుంచి ఒకావిడ, జాలిగా.

పెద్దయ్య లేచాడు. టక్కు టక్కుమని నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. చేతులు ఎర్రగా ఉన్నాయి, కళ్లు అంతకంటే ఎర్రగా ఉన్నాయి.

"ఏందయ్యగారూ మీరు చదివింది? మా ఆయన కాలు ఊడదీసి గొడ్లచావిట్లో పడేశాడు. ఒంటికాలి మీద గెంతుకుంటా తిరుగుతన్నాడు. పొయ్యి దగ్గిరికి రమ్మంటే రాడు. కంచం అవతల పెట్టమంటాడు."

నాకు నవ్వాగలేదు. నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అది చెక్కకాలు కాదమ్మా, జొన్న కోసేశాక చేలో మిగిలే మొదళ్లు, పుస్తకాల భాషలో వాటినే కొయ్యకాలంటారు అని చెప్పాను.

"మోళ్లా?"

"మోళ్లే."

"మోళ్లయితే మోళ్లని రాసి చావచ్చుగా!" అంది. రాయించిందెవరో అప్పుడు గుర్తొచ్చి, గబగబా లెంపలేసుకుంది.

దారిలో ఒక జొన్న మోడు పీక్కుని, దాన్ని సాక్ష్యంగా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. పెద్దయ్య నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మోడు ఆయన చేతికిచ్చి, కష్ అంటే ఏమిటో, ఆ దేశాల్లో పొయ్యిలోకి ఏం వాడతారో, వేరెందుకు, చిగురెందుకు, అన్నీ అరగంట చెప్పాను. నేను చెప్పిన ప్రసంగాల్లో అదే మంచిదని నా నమ్మకం.

"అయితే అది నా కాలు సంగతి కాదంటారు."

"ముమ్మాటికీ కాదు."

"దుర్మార్గుల సంగతి."

"అంతే!" అన్నాను సంతోషంగా.

ఆయన మోడు కింద పెట్టేశాడు. "అయితే నా సంగతే అయ్యగారూ. కాలంటే తీసి పారేశాను. ఇప్పుడేం తియ్యమంటారు?"

అప్పుడు చెప్పాడు. ఆయన యుద్ధం మొహమే చూడలేదు. పూనా పటాలంలో వంటశాలలో ఉల్లిపాయలు తరిగాడు. సెలవు మీద ఇంటికొస్తూ తెనాలి స్టేషన్లో కదిలే రైలు ఎక్కబోయి కాలు పోగొట్టుకున్నాడు. దానికేముందిలే అని నేను సర్దిచెప్పబోయాను. అసలు సంగతి అది కాదు. ఆయనతోపాటు పటాలంలో చేరిన ఈ ఊరి కుర్రవాడొకడు పూనా నుంచి బర్మాకు వెళ్లి తిరిగి రాలేదు. వాడి తల్లి ఈయన్ని పట్టుకుని, నువ్వూ అక్కడే ఉన్నావుగా, మావాడు ఏం తినేవాడు అని అడిగింది. ఈయన నోటికొచ్చిందేదో చెప్పాడు. ఇక పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే ఆవిడ అడగడం, ఈయన చెప్పడం.

"ఒక వారం చేపలు. ఒక వారం పప్పుచారు. క్రిస్మస్‌కి అరిసెలు గూడా పెట్టించాను అయ్యగారూ, బర్మా అడవుల్లో. బిడ్డ పోయిన తల్లితో అబద్ధాలాడినోడు దుర్మార్గుడు గాకపోతే ఇంకెవరు? నేను కాలిపోతానా?"

పుస్తకం నా వైపుంది, వయసు ఇరవై మూడు. "వెళ్లి నిజం చెప్పెయ్యండి, గండం గడుస్తుంది" అన్నాను. ఆయన భార్య చావిట్లోంచి కాలు తెచ్చి, పేడ తుడిచి ఇచ్చింది.

మేం వెళ్లేసరికి ఆ ముసలమ్మ వాకిట్లో మిరపకాయల ముందు కూర్చుని, రంగుపోయిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తోంది.

"అత్తా, నేను బర్మా పోలేదు. మీవాణ్ణి పూనాలో చూడటమే ఆఖరు. ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా అబద్ధం."

ఆవిడ ఏరుతూనే ఉంది. "చేపలు?" అంది.

"అబద్ధం."

"పప్పుచారు?"

"అదీ అబద్ధమే అత్తా."

"అరిసెలు?"

ఆయన ఏడ్చేశాడు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. "ఇది మీరు చెప్పించారా అయ్యగారూ?"

"నిజం చెప్పాలి కదమ్మా."

"మీరు రాకముందు మావాడు వారం వారం కడుపునిండా తినేవాడయ్యా" అంది.

నాలుగు నెలల చదువూ ఆ వాకిట్లోనే వదిలేసి పారిపోవాలనిపించింది. పెద్దయ్య కళ్లు తుడుచుకుని నా మొహంలోకి చూశాడు. ఏమడుగుతున్నాడో అర్థమైంది. తల ఊపాను.

"ఒక్కటి మటుకు నిజం అత్తా" అన్నాడు గొంతు సవరించుకుని. "గోంగూర. పోయే ముందు వాడు గోంగూర కలుపుకుని రెండు సార్లు పెట్టించుకున్నాడంట. పక్కన తిన్నోడే చెప్పాడు."

ఆవిడ చెయ్యి ఆగింది. మళ్లీ నా వైపే తిరిగింది.

"బర్మాలో గోంగూర దొరుకుద్దా అయ్యగారూ?"

నేను బెజవాడ దాటి ఎరగను.

"దొరుకుతుందమ్మా" అన్నాను.