చెరిపేసిన వంపు

పదో తరగతి లెక్కల పరీక్ష గట్టెక్కడానికి మా బడిలో అందరికీ తెలిసిన దగ్గర దారి ఒకటి ఉండేది: గ్రాఫు. బీజగణితం బుర్రకెక్కకపోయినా ఫరవాలేదు, పట్టిక వేసి, చుక్కలు పెట్టి, గీత కలిపితే ఆ మార్కులు ఎక్కడికీ పోవని లెక్కల సారే చెప్పేవాడు. ఆ మాటను అందరికంటే గట్టిగా పట్టుకున్నది నా పక్కన కూర్చునే పిల్ల. అర్ధ సంవత్సరం పరీక్షలో ఆమె లెక్కలు తప్పింది. "పబ్లిక్‌లో గూడా తప్పితే గార్మెంట్సు బస్సెక్కు, చదివింది చాలు" అని వాళ్లమ్మ తేల్చి చెప్పింది. ఆ బస్సు రోజూ పొద్దున్నే మా ఊరి క్రాసు రోడ్డు దగ్గర ఆగి, బట్టల ఫ్యాక్టరీకి ఆడపిల్లల్ని ఎక్కించుకుని పోయేది.

నాకేమో లెక్కలు బాగా వచ్చు. వచ్చని నాకు తెలుసు, అదే నా రోగం. సాయంత్రం కళ్యాణదుర్గం బస్సు వచ్చేదాకా నలుగురైదుగురం బస్సు షెల్టరులో సిమెంటు బెంచీ మీద హోంవర్కు చేసుకునేవాళ్లం. చేసుకునేవాళ్లం అనడం అబద్ధం. నేను చేసేదాన్ని, మిగతావాళ్లు చూసి రాసుకునేవాళ్లు. గ్రాఫు ఇచ్చిన రోజున పని ఇంకా సులువు. నా కాగితం కింద మూడు నాలుగు కాగితాలు పెట్టి, చున్నీకున్న పిన్నీసు తీసి ప్రతి చుక్క మీదా పొడిచేదాన్ని. కింది కాగితాల్లో చిల్లులు పడేవి. వాటిని కలుపుకుంటే వాళ్ల గ్రాఫు కూడా అయిపోయేది.

ఆ రోజు లెక్క ఎక్స్ స్క్వేర్ మైనస్ మూడెక్స్ మైనస్ నాలుగు. పట్టిక చకచకా వేశాను. ఎక్స్ ఒకటైనా, రెండైనా వై మైనస్ ఆరే వచ్చింది. రెండు చుక్కలూ సమంగా ఉన్నాయి కదా అని వాటి మధ్య స్కేలు పెట్టి అడ్డంగా గీత లాగేశాను. గిన్నెలాగా వచ్చిన గ్రాఫుకు అడుగు చదునైంది.

నా పక్క పిల్ల మాత్రం ఆ పూట చిల్లుల కాగితం వద్దంది. "పరీక్షకు నీ పిన్నీసు రాదు గదే" అని తనే చుక్కలు పెట్టుకుని, స్కేలు లేకుండా గీసింది. ఆమె గీత ఒకటి దగ్గర ఆగకుండా, మైనస్ ఆరు కంటే ఇంకొంచెం కిందికి దిగి, మళ్లీ పైకొచ్చి రెండు దగ్గర చుక్కను తాకింది.

"ఏమే, మైనస్ ఆరొస్తే నువ్వు ఇంకా కిందికి ఎందుకు పోయినావు?" అన్నాను.

"ఒకటి కాడ ఇంకా దిగుతానే ఉండాది. రెండు కాడ ఎక్కుతాండాది. నడుమ అట్ల చదునుగా యాడుంటుందే?"

"నీకు అంత తెలిసుంటే మొన్న ఎందుకు తప్పినావు? చెరుపు."

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆమె రబ్బరుతో వంపును చెరిపేసి, నా స్కేలు అడిగి తీసుకుని, నాలాగే అడ్డగీత గీసింది.

మరునాడు సార్ మా కాగితాలను ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. "ఏంది ఇన్ని చిల్లులు? ఇది గ్రాఫా, జల్లెడా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. తర్వాత బోర్డు మీద ఎక్స్‌కు ఒకటిన్నర వేసి చూపించాడు. మైనస్ ఆరుంపావు వచ్చింది. అంతలో ఆయన చేతికి ఆమె కాగితం వచ్చింది. దాంట్లో చిల్లులు లేవు. అడ్డగీత కింద, చెరిపినా పూర్తిగా పోని వంపు మసకగా కనబడుతోంది.

"దీన్ని ఎవరు చెరపమన్నారు పాపా?"

ఆమె నా వైపు చూడలేదు. "నేనే సార్. తప్పనుకుంటి."

"రైటు చెరుపుకుని తప్పు గీసుకుంటే పాసెట్లయితావు?"

చేసింది నేను, మాట పడింది ఆమె. ఆ సాయంత్రం షెల్టరులో ఆమె బెంచీకి ఆ చివర కూర్చుంది. దగ్గరికి జరిగి, తప్పు నాదేనన్నాను.

"ఆ మాట ఈడెందుకు? ఆడ చెప్పాల్సింది" అంది.

పొద్దున అటెండెన్సు కాగానే లేచి నిలబడ్డాను. "చెరపమన్నది నేనే సార్" అన్నాను. సార్ ఒక్క క్షణం చూసి, "ఊ, కూర్చో" అని బోర్డు వైపు తిరిగాడు. ఆమె బెంచీ మీది సంచి పక్కకు జరిపి నాకు చోటిచ్చింది. అప్పటి నుంచి పిన్నీసు చున్నీకే ఉండిపోయింది. సమీకరణాలు నేను చెప్పేదాన్ని, గ్రాఫు ఆమె గీసుకునేది. మధ్యలో వేలు పెట్టకుండా ఉండటానికి నేను పడిన కష్టం అంతా ఇంతా కాదు.

పబ్లిక్‌లో గ్రాఫు వచ్చింది. ఆ లెక్కలోనూ అడుగున రెండు చుక్కలు సమంగానే పడ్డాయి. ఫలితాల రోజు అదే షెల్టరులో, వాళ్లమ్మ ఫోనులో ఆమె హాల్‌టికెట్ నంబరు నేనే కొట్టాను. ఆమె చూడనని మొహం తిప్పుకుంది. "పాసయినావే" అన్నాను. ఫోను లాక్కుని తను మళ్లీ ఒకసారి చూసుకుంది. ఆ తర్వాతే నవ్వింది.

"గ్రాఫుకు అడుగు గీసేటప్పుడు అనుమానం రాలేదా?" అని అడిగాను.

"ఎందుకు రాదు? చెరపాలనే అనిపించింది. అట్లయితాదనే రబ్బరు ఇంట్లోనే పెట్టి పోయింటి."