కోడిగీతలుగా మారిన మా పాటలు

మార్కాపురంలో మా ఇంటి ముందు గదిలో కంప్యూటరు పెట్టుకొని పెళ్లిపత్రికలు, కరపత్రాలు టైపు చేసి ఇస్తుంటాను. నేను బడికి పోలేదు. నాయన ఇంట్లో పలక మీద దిద్దించిన తెలుగే నా చదువు. ఇంగ్లీషు రాదు గానీ మీటలు వేళ్లకు తెలుసు. వాటితోనే దేవుడు ఇన్నేళ్లు అన్నం పెట్టాడు.

పత్రికలకన్నా నాకు పాటలు ప్రియం. దొనకొండ వైపు పల్లెల్లో మా క్రైస్తవ సంఘం స్త్రీలు మిరపచేలల్లో కలుపు తీస్తూ కట్టుకున్నవి, ఏ పుస్తకంలోనూ లేనివి. వాళ్లు పాడుతుంటే రాసుకొచ్చి టైపు చేశాను. కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి గదా అని కాగితాలు పొయ్యిలో పెట్టాను. కట్టినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. జిల్లాలు విడదీసిన మరుసటి యేడు, స్త్రీల ప్రార్థన కూడికకు ఆ పాటలు అచ్చేయిస్తానని మాటిచ్చాను.

అంతలో కంప్యూటరు మొరాయించింది. బాగుచేసే కుర్రాడు వచ్చి పాత ఆపరేటింగ్ సిస్టం తీసేసి కొత్తది వేసిపోయాడు. పాటల ఫైలు తెరిస్తే తెలుగు లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు. అతన్ని మళ్లీ పిలిచాను.

"ఫైలు పోలేదక్కా. నీ పాత తెలుగు ఫాంటు కొత్తదాంట్లోకి ఎక్కడంలేదు. దాని సీడీ ఉందా నీకాడ?"

"ఎప్పుడో పోయింది."

"అట్లయితే మళ్లా కొట్టుకోవాల్సిందే."

"దేన్ని చూసి కొట్టేది నాయనా?"

అతను కంప్యూటర్లో కొత్త తెలుగు కీబోర్డు మాత్రం పెట్టి, ఎట్లా కొట్టాలో చూపించి పోయాడు. నేను మోకరించి ప్రార్థన చేసుకున్నాను.

మరునాడు, పాటల సంగతి కనుక్కోవడానికి సంఘంలోని పెద్దమ్మ వచ్చింది. ఆమెకు చదువు రాదు. తెరవంక చూసి, "ఏందమ్మాయ్ ఇది, అలికిన నేలను కోళ్లు తొక్కినట్టుంది?" అంది.

నవ్వొచ్చి నేనూ చూశాను. మొదటి అక్షరం చూడగానే నా వేలు దానంతటదే కదిలింది. అవి నేను ఒకప్పుడు నొక్కిన మీటలే. పాత ఫాంటు వాటికి తెలుగు రూపం తొడిగింది, అంతే. తెర మీది అక్షరాల వరుసలో మీటలు తడుముతూ పోతే మొదటి మాట నోటికొచ్చింది.

మా కూడికల్లో చదువొచ్చినవాళ్లు చరణం చెబితే మిగతావాళ్లు అందుకుంటారు. అలవాటుగా నేను చెప్పాను, పెద్దమ్మ అందుకుంది. ఆమె పాడుతుంటే కొత్త కీబోర్డుతో టైపు చేశాను.

"ఉండు పెద్దమ్మా, నా వేళ్లు అందుకోవాలి."

"నీ వేళ్లు కుంటుతా వస్తే నా పాట ఆగుతాదా?"

ఆమె తడబడినచోట నా వేళ్లు చెప్పేవి. ఒక పాటను మూడు చరణాలకే ఆపేసింది.

"ఇంకా ఉంది పెద్దమ్మా."

"మా అక్క కట్టిన పాట నాకు తెల్వదా? మూడే."

నేను ఒక్కో మీటా తడుముకుంటూ చదివాను. "ఎండిన చేనుకు మబ్బువు నీవే..."

పెద్దమ్మ మెల్లగా, "వంగిన నడుముకు ఊతము నీవే" అని పూర్తిచేసింది. "అక్క పోయినాక ఎవరం పాడలేదు ఆ చరణం. మరిచేపోయినా" అంటూ చెంగుతో కళ్లు తుడుచుకుంది.

పాటలన్నీ దక్కాయి. పుస్తకం అచ్చయింది. ఆ ప్రయాసలో కొత్త కీబోర్డు కూడా వేళ్లకు వచ్చేసింది, దానికీ దేవునికి స్తోత్రం. కూడికలో ఆ నాలుగో చరణం చెప్పడానికి నేనే నిలబడ్డాను. సగం చెప్పానో లేదో, పందిరి వెనకనుంచి పెద్దమ్మ గొంతెత్తి అందుకుంది. ఆమె వెంట అందరూ.