మూసిన అర్రకు దీవెన లేదు

మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, పాస్కా (ఈస్టర్) కాలపు గృహాశీర్వాదాలకు, ఎవరూ నియమించకుండానే, జీవితాంతం బాధ్యత వహించిన మా చెల్లెకు జ్ఞానతల్లి అయిన పెద్దావిడ, ఈస్టర్ పండుగ వెళ్లిన వారంలోనే బోధన్‌లోని తన ఇంట్లో నిద్రలో కన్నుమూసింది. ఈ వార్తను గుడి వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ముగ్గురు సభ్యులు బొటనవేలు ఎత్తి ఆమోదం తెలిపారు. సదరు చర్యను మరణానికి మద్దతుగా పరిగణించరాదని ఫాదర్ గారు వివరణ ఇవ్వవలసి వచ్చింది. ఆమే బతికి ఉంటే ఈ వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదు. ఆ ముగ్గురి ఇళ్లకూ వెళ్లి, "ఏం బిడ్డా, నేను పోతే గంత మంచిగనిపించిందా?" అని అడిగి, చాయ్ తాగి వచ్చేది.

వీధిలో అందరికీ ఆమె అవ్వ. జ్ఞానస్నానం రోజున బిడ్డను చేతుల్లో పట్టుకొని, ఈ బిడ్డ విశ్వాసానికి నేను పూచీ అని గుడిలో అందరి ఎదుటా ఒప్పుకునే మనిషిని జ్ఞానతల్లి అంటారు. చాలామంది విషయంలో ఆ పూచీ అదే రోజు మధ్యాహ్నం భోజనాలతో ముగుస్తుంది. అవ్వ మాత్రం తన పూచీకి గడువు ఉందని తనకెవరూ చెప్పలేదనేది. మా అమ్మ పోయాక ఆ పూచీ చెల్లెతో ఆగక మా ఇల్లు మొత్తానికీ విస్తరించింది. అందుకు మా అనుమతి కోరినట్టు నాకు గుర్తులేదు.

ఈస్టర్ పూజలో దీవించిన నీళ్లను ఆ తరువాతి వారాల్లో ఫాదర్ గారు ఇల్లిల్లూ తిరిగి చల్లుతారు. మా విచారణలో ముందు అవ్వ నడిచేది, వెనక ఫాదర్ నడిచేవారు. చేతిలో స్టీలు గిన్నె, అందులో నీళ్లు, గుడి ఆవరణలో విరిచిన వేపమండ. ఫాదర్ దగ్గర ఇందుకోసం ఇత్తడి పరికరం ఒకటి ఉండేది గానీ అవ్వ దాన్ని గుర్తించలేదు. "గా పుల్లతోని సల్లితె దోమ గూడ తడువది ఫాదర్" అనేది. ఆ రోజుల్లో వేప పూత మీద ఉంటుంది కనుక, దీవెన అందుకున్న ప్రతి ఇల్లూ ఆ సాయంత్రం పువ్వులు ఊడ్చుకునేది.

దారిలో అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు తమకూ చల్లమని అడిగేవారు. వాళ్లు మా గుడికి చెందినవారు కారు. "ఆకు మీద సల్లుండ్రి సారూ, తంబాకు మీద పడనియ్యకుండ్రి" అని షరతు కూడా పెట్టేవారు. చుట్టే ముందు ఆకు ఎలాగూ తడపాలి కనుక వాళ్లకు అది రెండు విధాలా లాభం. పొగాకు ఉత్పత్తుల ఆశీర్వాదం విషయంలో స్పష్టమైన మార్గదర్శకాలు లేనందున ఫాదర్ తటపటాయించారు. "ఆకును దీవిస్తున్నం ఫాదర్, పొగను కాదు" అని అవ్వ అక్కడికక్కడే సమస్యను పరిష్కరించింది.

ఇళ్లలోకి వెళ్లాక ఆమె అధికార పరిధి మరింత పెరిగేది. ఒక ఇంట్లో బియ్యం సంచి వెనక ఇంటాయన దాచుకున్న సీసా సంగతి ఆమెకు ఎలా తెలిసిందో తెలియదు. "గా మూలకు జెర ఎక్కువ సల్లుండ్రి ఫాదర్, గక్కడ అవసరమున్నది" అంది. ఇంటాయన తల వంచుకొని ప్రార్థనలో లీనమయ్యాడు. ఆయన అంత భక్తిగా కనిపించడం అదే మొదటిసారి అని ఇంటావిడ తరువాత చెప్పింది. అత్తాకోడళ్లు మాట్లాడుకోని ఇంట్లో గిన్నెను ఒకరి చేతికీ మండను మరొకరి చేతికీ ఇచ్చేది. గిన్నె ఉన్నావిడ వెంట మండ ఉన్నావిడ నడవక తప్పదు. ఆమె నీతి మాటలు చెప్పగా నేను ఎన్నడూ వినలేదు.

ఇక మా ఇల్లు. మా బాపు మూతపడిన చెరకు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా పనిచేశాడు. ముల్లు నిలకడకు వచ్చేదాకా ఎవరి మాటా వినకపోవడం ఆ ఉద్యోగానికి అర్హత. ఫ్యాక్టరీ ఆగినా ఆ అర్హత ఆగలేదు. చెల్లె, కోటగిరి దగ్గర కాలువ కింద భూములు చేసే కోస్తా రైతుల కుర్రాణ్ని, వాళ్లు హిందువులు, రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుంది. బాపు అభ్యంతరం మతం మీదా, కులం మీదా, జిల్లా మీదా అన్నది ఆయన ఎన్నడూ స్పష్టం చేయలేదు. చెల్లె ఉండిన అర్రకు మాత్రం తాళం వేశాడు. ఆమె పేరు ఇంట్లో వినపడటం మానేసింది.

ఆ తరువాతి పాస్కాకు అవ్వ, కొత్తగా వచ్చిన ఫాదర్‌ను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ముందరి గది, వంటిల్లు, వెనక వాకిలి అయ్యాయి. అవ్వ ఆ తలుపు ముందు ఆగింది.

"ఈ అర్ర?"

"అండ్ల ఏం లేదు అక్కా. సామాను."

"సామానుకు దీవెన వద్దా తమ్మీ?"

"తాళంచెవి పోయింది."

"అయితే దొరికేదాక కూసుంట. నాకు ఇంటికాడ ఏం పని ఉన్నది?"

అని ఆ తలుపుకే వీపు ఆనించి కింద కూర్చుంది. ఫాదర్ గోదావరి జిల్లాల మనిషి. "అమ్మా, ఇంకా చాలా ఇళ్లున్నాయండీ, తర్వాత వద్దామా?" అన్నారు.

"మూసిన అర్రకు దీవెన లేదు ఫాదర్. ఒక్కటి మూసిపెట్టి మిగిలిన ఇంటికి సల్లితె చెల్లది."

ఇది ఇక్కడి ఆచారం కాబోలు అనుకొని ఫాదర్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను చాయ్ పెట్టాను. తాగడం అయింది. ఎవరూ లేవలేదు. అధికారికంగా పోయిన తాళంచెవి చివరకు బాపు అంగీ జేబులోనే దొరికింది. లోపల చెల్లె కుట్టు మిషన్, చుట్టిన పరుపు, ఆమె వెళ్లిన నెల దగ్గరే ఆగిన క్యాలెండర్ ఉన్నాయి. ఫాదర్ నీళ్లు చల్లారు. బాపు గుమ్మం దగ్గరే నిలబడి, "జెర గాలి ఆడాలె" అన్నాడు. మళ్లీ తాళం వేయకపోవడానికి ఆయన చెప్పిన కారణం అదొక్కటే.

బాపు గేటు దాకా సాగనంపాడు. అక్కడ ఫాదర్ అడిగారు. "ఈ నియమం ఏ పుస్తకంలో ఉందమ్మా?"

"ఏ పుస్తకంల లేదు ఫాదర్. మీరు ఆగిండ్రు గదా, ఇగ ఉన్నట్టే."

బాపు విననట్టు గేటు గొళ్లెం పరీక్షించాడు.

మరుసటి పాస్కాకు చెల్లె వచ్చింది. ఆ తరువాత ప్రతి పాస్కాకూ వచ్చింది. అల్లుడు మాత్రం బండి మీద ఆమెను వీధి మూల దించి, అక్కడి చాయ్ హోటల్లో కూర్చునేవాడు. రావద్దని బాపు అనలేదు. రమ్మనీ అనలేదు. పిలవాలంటే ఒక కారణం కావాలి. కారణం లేకుండా పిలిస్తే, ఇన్నాళ్లూ పిలవకపోవడానికీ కారణం లేదని ఒప్పుకున్నట్టవుతుంది. బాపు ఆ ఇబ్బందిలో ఏళ్లు గడిపాడు. అవ్వ మా ఇల్లు అయ్యాక ఫాదర్‌ను నేరుగా ఆ హోటల్‌కు నడిపించేది. అల్లుడి మీద చల్లిన నీళ్లు సమోసాల మీదా పడేవి. హోటలాయనకు అభ్యంతరం లేదు. ఆ రోజు గిరాకీ బాగుంటుందని ఆయన నమ్మకం.

ఈ ఏడు ఈస్టర్‌కు ముందరి ఉపవాసాల తపస్కాలంలో అవ్వ మంచం పట్టింది. పండుగకు వారం ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం గుడికి రాలేదు. గుడి నుంచి ఒక కొమ్మ తీసుకొని బాపూ నేనూ చూడటానికి వెళ్లాం. కొమ్మను దిండు పక్కన పెట్టుకొని ఆమె బాపు వైపు తిరిగింది.

"తమ్మీ, నేను ఇంకెన్నేండ్లు హోటల్‌కు నీళ్లు మోయాలె?"

బాపు పైకి చూశాడు. "ఫ్యాన్ చప్పుడు చేస్తున్నదక్కా. మనిషిని పంపిస్త."

"పంపు. చప్పుడు నాకు గూడ ఇనవడుతున్నది."

మాట ప్రకారం మనిషి వెళ్లాడు. ఫ్యాన్ బాగైంది. రెండు వారాలు తిరగకముందే, చప్పుడు లేని ఆ ఫ్యాన్ కిందే ఆమె పోయింది.

అంత్యక్రియల్లో ఫాదర్ పెట్టె మీద పాస్కా నీళ్లు చల్లారు. అల్లుడు సమాధుల తోట బయటే నిలబడి, అందరూ వెళ్లాక లోపలికి వెళ్లి మట్టి వేశాడు. దూరంగా చింతచెట్టు నీడలో చెప్పుల కోసం వెతుకుతున్న బాపు అది చూశాడు. ఆ చెప్పులు ఆయన కాళ్లకే ఉన్నాయి.

ఆ తరువాతి ఆదివారం మా వీధి వంతు వచ్చింది. గిన్నె ఎవరు పట్టాలన్న చర్చకు తావు లేకపోయింది, అవ్వ బతికుండగానే దాన్ని చెల్లెకు ఇచ్చేసింది. కనుక ఈసారి ముందు చెల్లె, చేతిలో పూసిన వేపమండతో. వెనక ఫాదర్, ఈయన పోయిన ఏడాదే వచ్చిన యువకుడు. తలుపులన్నీ బాపు పొద్దుటే తెరిచి పెట్టాడు. ఫాదర్ మండ చేతిలోకి తీసుకున్నారు.

"ఆగుండ్రి ఫాదర్" అన్నాడు బాపు. "మనిషి తక్కువున్నడు."

"పర్వాలేదండీ, ఉన్నవాళ్లతో కానిచ్చేద్దాం."

"చెల్లది. ఇంటి మనిషి ఒక్కడు బయటుంటె ఇంటికి దీవెన లేదు."

ఫాదర్ ఆశ్చర్యపోయారు. "ఈ నియమం నేనెక్కడా చదవలేదే?"

"ఆగిండ్రు గదా ఫాదర్" అన్నాడు బాపు, చెప్పులు వేసుకుంటూ. "ఇగ ఉన్నట్టే."

వీధి మూల దాకా ఆయన ఒక్కడే నడిచాడు. అక్కడి సంభాషణ పూర్తి పాఠాన్ని హోటలాయన అదే రోజు వీధి మొత్తానికీ అందజేశాడు.

"ఏమయ్యా, మా ఇంట్ల చాయ్ దొరకదా?"

అల్లుడు గ్లాసుతో సహా లేచి నిలబడ్డాడట. "అబ్బే, అదేం లేదండీ మామయ్యగారూ..."

"ఫాదర్ ఆగిండు. నడువు."

"మరి నా హోటల్ సంగతి?" అని యజమాని అడిగితే, "నీది తర్వాత" అని బాపు జవాబిచ్చాడట.

వాళ్లు ముందు వెనకగా వచ్చారు. హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలియక అల్లుడు చేతిలోనే పట్టుకొని నిలబడ్డాడు. బాపు దాన్ని అందుకొని, చెల్లె అర్రలోకి తీసుకెళ్లి, కుట్టు మిషన్ మీద వెల్లకిలా పెట్టాడు. ఫాదర్ ఒక్కొక్క గదీ ముగించి చివరగా అక్కడికి వచ్చి చల్లారు.

సాయంత్రం ఇల్లు ఊడ్చాం. వాళ్లు బయలుదేరే వేళ దాకా ఆ హెల్మెట్ అక్కడే ఉంది. అడుగున కాసిని నీళ్లు, వాటి మీద రెండు మూడు వేపపూలు. ఎవరూ పారబోయలేదు.