ఎవరూ ముట్టని ఇంజను కోసం కడప దాకా

మా సామ్యేలు స్టీరింగు పట్టినాడండీ! దేవునికి స్తోత్రం, కడప నుంచి కర్నూలు దాకా వాడే తోలుకొచ్చినాడు! పాత కారుకు తక్కువ ఖర్చులో ఇంజను, గేరుబాక్సు మార్పించుకోవాలనే వాళ్లకు పనికొస్తుందని వరసగా చెప్తాను.

సామ్యేలు నా పెద్ద కొడుకు, టాక్సీ డ్రైవరు. రెండేండ్ల కింద ఆళ్లగడ్డ దగ్గర టైరు పగిలి వాని టాక్సీ బోల్తా పడింది. పక్కసీట్లో ఉన్న స్నేహితుడు ఈరన్న అక్కడికక్కడే పోయినాడు. నీ తప్పేం లేదని పోలీసులే చెప్పినా వీడు నమ్మలేదు. పనికి పోడు, చర్చికి రాడు, గోడ దిక్కు తిరిగి పడుకుంటాడు. కోడలు పిల్లను తీసుకొని ఆదోనిలో పుట్టింటికి పోయింది. ఇంటి ముందర నా అంబాసిడర్ కూడా ఇంజను పట్టేసి, గేరుబాక్సు అరిగి నిలబడిపోయింది. వాడు తోలడం నేర్చుకున్నది దాంట్లోనే. అది కదిలితే వీడూ కదులుతాడేమో అని నాకొక పిచ్చి ఆశ.

కర్నూలు మెకానిక్కులు లక్షకు తక్కువ కాదన్నారు. కడపలో పాత బండ్లు విప్పి అమ్మే గుజిరీ అంగళ్లలో ఇంజన్లు చవకని తెలిసింది. నాపరాతి బండల కోసం కడపకు ఖాళీగా పోయే లారీ ఒకటి మూడు వేలకు ఒప్పుకుంది. మట్టిదిబ్బకు లారీ వెనక భాగం ఆనించి, కారును నలుగురం తోసి ఎక్కించినాము. సామ్యేలును బతిమాలి లారీలో నా పక్కన కూర్చోబెట్టుకొని, తెల్లారుజామున బయల్దేరి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పోయినాము. వానల్లేక చేన్లన్నీ బూడిద పోసినట్టుండాయి. ఆళ్లగడ్డ వస్తానే సామ్యేలు ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు.

"ఏమప్పా, మీవాడు పెండ్లికూతురు మాదిరి ముసుగేసుకున్యాడే?" అని లారీ డ్రైవరు నవ్వినాడు. నేను సంగతి చెప్పినాక పాపం, కడప దాకా పాటలు కూడా పెట్టలేదు.

మధ్యాహ్నానికి మస్తాన్ భాయ్ గుజిరీ అంగడికి చేరినాము. వెనక నుంచి లారీ గుద్దిన అంబాసిడర్ ఒకటి చూపించినాడు. బ్యాటరీ తగిలిస్తే ఇంజను బంగారం మాదిరి తిరిగింది. గేరుబాక్సుతో కలిపి ఇరవై రెండు వేలు, మామూలు ధరలో సగం! మా దిక్కు పాత ఇంజను కొనేటోళ్లు ముందు అడిగే మాట ఒకటుంది. నేనూ అడిగినాను.

"భాయ్, దీంట్లో ఎవరన్నా పోయినారా?"

ఆయన అబద్ధమాడలేదు. "పోయినారు పెద్దాయనా. అందుకే ఈడ పడుండాది. నిమ్మకాయ కట్టేటోళ్లూ ముట్టలేదు, సిలువ కట్టేటోళ్లూ ముట్టలేదు."

"పా సామ్యేలూ, ఇంకో అంగడి చూద్దాం" అన్నాను. వాడు కదల్లేదు. బానెట్ మీద చేయి పెట్టుకొని నిలబడినాడు.

"ఇంజనేం చేసింది నాయనా? దాని పని అది చేస్తాండె. దాన్ని యాల పారేసినారు?"

అని కూలబడి ఏడ్చినాడు. రెండేండ్లుగా ఏడ్వనిదంతా ఏడ్చినాడు. "ఏడ్వనీ పెద్దాయనా, ఆపొద్దు" అని మస్తాన్ భాయ్ టీ తెప్పించినాడు.

ఇంకో అంగడి మాట ఎత్తకుండా ఆ ఇంజనే కొన్నాను. బిగించడానికి మూడు రోజులు, కూలి పన్నెండు వేలు. సామ్యేలు మెకానిక్కుతో పాటు కారు కిందనే పడుకొని బోల్టులు తిప్పినాడు. పని అయినాక మెకానిక్కు తాళంచెవి చూపించి "ఎవరు తోల్తారు?" అన్నాడు. సామ్యేలే తీసుకున్నాడు. "నాయనా, నువ్వు వెనక కూర్చో" అన్నాడు. పక్కసీటు ఖాళీగానే పెట్టుకొని వచ్చినాము. బండి నలభై దాటలేదు. వెనక బస్సులు హారన్లు కొట్టి తిట్టుకుంటా పోయినాయి, పోనీ!

సంతోషమే, శానా సంతోషం. కానీ ఈరన్న తిరిగి రాడు. ఆ నలిగిన కారులో పోయిన మనిషి ఎవరో, ఏ ఇంటి బిడ్డో కూడా తెలీదు. వాళ్లింట్లో ఇట్లా ఎవరు గోడ దిక్కు తిరిగి పడుకున్నారో అనుకుంటే ముద్ద దిగడం లేదు. ప్రార్థనలో వాళ్లను కూడా తలుచుకుంటాండాము.

మీకు ఒక్క మాట: ఇంజను, గేరుబాక్సు ఒకే బండివి, జతగా కొనండి, లేకుంటే బిగింపులు కుదరక కూలి రెండింతలవుతుంది. ముందే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకొని బిల్లు జాగ్రత్త పెట్టుకోండి.

ఇంక ఈ కబురు ఆదోనిలో కోడలికి, వియ్యంకునికి, కోసిగిలో మా తమ్మునికి, నంద్యాలలో చిన్నక్కకు, బెంగళూరు పనికి పోయిన బావమరిదికి చెప్పల్ల. ఇది చదివే మావాళ్లు ఎవరూ ఈరన్న వాళ్లమ్మకు మాత్రం ఫోను చేయొద్దండి. సామ్యేలే పోయి చెప్తానన్నాడు.