రెక్కకో రంగు

ప్రెస్ కార్డు జేబులో పడగానే లోకంలోని తప్పులన్నీ నా కోసమే బయటికొస్తున్నాయని నమ్మిన రోజులవి. మాచర్లలో ఓ దినపత్రికకు కొత్తగా విలేకరినయ్యాను. సాయంత్రాలు, ఆటోలకు లైట్లూ హారన్లూ బిగించే మెకానిక్ కొట్టు ముందు కూర్చునేవాణ్ణి. పేటంతా ఆయన్ని లైట్ల బాబాయ్ అనేది. వార్తలు అక్కడికే నడిచివచ్చేవి (రానినాడు బాబాయే ఒకటి పుట్టించేవాడు).

ఒకనాడు పొద్దు వాలుతుండగా, కృష్ణ అవతలి నుంచి ఎగిరే శిక్షణ విమానం ఒకటి మా నెత్తిమీదుగా బాగా కిందుగా పోయింది. బాబాయ్ స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకునే తల పైకెత్తాడు.

"ఏందబ్బాయ్ ఇది? ఎడం రెక్కకు ఎర్ర బల్బు, కుడి రెక్కకు పచ్చ బల్బు. ఆటోకి నేనిట్టా బిగిస్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఊరుకుంటాడా?"

వెలుతురుండగానే ముందు లైటు వేసుకుని బ్యాటరీ తగలేస్తున్నాడని మరో నేరం కూడా జోడించాడు. నాకింకేం కావాలి? 'శిక్షణ విమానాల నిర్వహణలో నిర్లక్ష్యం' అని రాసి పంపాను. అందులో పేర్కొన్న 'సీనియర్ విద్యుత్ నిపుణుడు' ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

వార్త వచ్చిన పూటే డెస్క్ ఇన్‌చార్జి ఫోన్ చేశారు. విమానం నేర్పే మేడమ్ ఆఫీసుకు ఫోన్ చేసి చాలాసేపు నవ్వారట. ఆ నవ్వు మా ఇన్‌చార్జికి అంటలేదు. రేపటిలోగా సంగతి తేల్చుకురావాలి, లేదంటే కార్డు తిరిగి పంపాలి. అప్పటికి మా అమ్మ ఆ కార్డును బంధువులందరికీ చూపించడం కూడా పూర్తికాలేదు.

మర్నాడు రేవు దాటి, ఆ విమానాలు ఎగిరే మైదానానికి వెళ్లాను. విమానం కనబడగానే ఆత్రంగా దగ్గరికి పోబోతే మేడమ్ భుజం పట్టి ఆపారు. తోక మీద ఎర్ర లైటు మిణుకుతోందంటే ఇంజిన్ వేయబోతున్నారని అర్థమట. తర్వాత చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు.

"ఎరుపు ఎప్పుడూ ఎడమే, పచ్చ కుడి, తోక చివర తెలుపు. ఎరుపూ పచ్చా రెండూ కనబడితే అవతలి విమానం మన మీదికే వస్తున్నట్టు. తెలుపొక్కటే కనబడితే వెళ్లిపోతున్నట్టు."

ముందు లైటు పగలు కూడా వేసేది తోటి విమానాల కంట పడటానికట.

"మీరు రాసిన రంగులు కరెక్టే, రెక్కలూ కరెక్టే. అది తప్పనుకోవడమే తప్పు. సవరణ వద్దులెండి, ఇప్పుడు విన్నది రాయండి చాలు" అన్నారు.

రాశాను. కార్డు దక్కింది. బాబాయ్ ఆ వ్యాసం చదివించుకుని విని, ఏమాత్రం తొణక్కుండా, "నేను అడిగాను గదబ్బాయ్. అవతలోళ్లని అడక్కుండా రాసింది నువ్వు" అన్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అంతకంటే పెద్ద పాఠం ఎవరూ చెప్పలేదు.

ఇప్పటికీ సాయంత్రం విమానం చప్పుడు వినబడితే మేడ మీదికి వెళ్తాను. ముందు ఎరుపూ పచ్చా చూసుకుని, అది దాటిపోయాక తెల్ల చుక్క కోసం వెతుకుతాను. ఏదీ అడక్కుండానే అన్నీ తెలిసిన ఆ కుర్ర విలేకరి కూడా చానా దూరం వెళ్లిపోయాడు. తోక దీపం మాత్రం ఇంకా కనబడుతోంది.