చేపలబంద సముద్రానికి కాపలా

చేపలబందలో చేపలు లేవు. ఊరి దిగువన పారే గెడ్డలో ఒక పెద్ద బండ, పక్కకి ఒరిగి పడుకున్న చేపలా ఉంటుంది. ఊరి పేరు దాన్నిబట్టి వచ్చింది. అరకు నుంచి జీపులో గంటన్నర ప్రయాణం. ఇరవై ఎనిమిది గడపలు, చుట్టూ కాఫీ తోటలు, పైన కొండ, ఆ పైన మబ్బు.

అలాంటి ఊళ్ళోకి ఒక మంగళవారం ప్రభుత్వ జీపు వచ్చి ఆగింది. అందులోంచి పన్నెండు నారింజరంగు లైఫ్ జాకెట్లు, రెండు ఎర్రజెండాలు, ఒక విజిలు, నులక మంచాలు నాలుగింటికి సరిపోయేంత తాడు, 'హెచ్చరిక: ఇక్కడ సముద్రం ప్రమాదకరం' అని రాసిన రేకు బోర్డు దించారు. వాటితోబాటు మండలాఫీసు గుమస్తా వరహాలరావు కూడా దిగాడు.

"కంప్యూటర్లో మీ ఊరు తీరప్రాంత గ్రామాల్లో ఉంది. పేరులో చేప ఉంది కదా, అందులో వేసేసినట్టున్నారు," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"తిప్పి పంపెయ్యరాదా బాబూ?" అన్నారు జనం.

"పుచ్చుకున్నామని సంతకం పెట్టడానికి కాయితం ఇచ్చారు. వద్దన్నామని పెట్టడానికి ఇవ్వలేదు."

తీర రక్షకురాలిగా పదో తరగతి చదివిన ఆడమనిషి ఒకరు కావాలట. ఊరంతా ఒక్కసారిగా కిల్లో రాజులమ్మ వైపు తిరిగింది. అంగన్‌వాడీలో ఆయా ఆమె. నలభై ఎనిమిదేళ్ళు. ఏ పని అప్పగించినా అడుగంటా చేస్తుంది. ఒకసారి కోళ్ళ లెక్కకి వేస్తే, పొదుగుతున్న పెట్టల్ని లేపి కింద గుడ్లు కూడా లెక్కపెట్టి రాసిన మనిషి.

"సముద్రం ఇక్కడికి ఎంత దూరం బాబూ?" అని అడిగింది రాజులమ్మ.

"నూట ఇరవై కిలోమీటర్లు ఉంటుంది."

"మనం ఎంత ఎత్తున ఉన్నాం?"

"మూడు వేల అడుగుల పైమాటే."

ఆమె కలం అందుకుంది. "అయితే అది ఇక్కడికి రావాలంటే శానా కష్టపడాల. అయినా పని ఒప్పుకున్నాక సెయ్యాల కదా," అని సంతకం పెట్టింది.

భీమిలి దాటాక ఒక పల్లెలో మూడు రోజుల శిక్షణ. మిగతా వాళ్ళందరూ వలల మధ్య పుట్టి పెరిగిన ఆడవాళ్ళు. కొండ మీంచి సముద్రాన్ని కాయడానికి ఎవరో వచ్చారని తెలిసి, పాపం, నవ్వు ఆపుకోవడానికి నానా అవస్థా పడ్డారు. రాజులమ్మ వాళ్ళని పట్టించుకోలేదు. ఇసుకలో నిలబడి నీళ్ళకేసే చూస్తోంది. శిక్షణ ఇచ్చేది స్వామి అనే ముసలి మత్స్యకారుడు.

"ఇది ఎప్పుడు ఆగుద్ది అన్నా?" అంది.

"ఆగదమ్మా."

"మరి తొంగోదా?"

"నాకు అరవై రెండేళ్ళు. అది కునుకు తియ్యడం ఇప్పటిదాకా సూణ్ణేదు," అన్నాడు స్వామి. నవ్వకుండా అడిగిన మనిషికి నవ్వకుండానే చెప్పాడు.

ఆ మూడు రోజులూ ఆమె ఆయన వెనకాలే తిరిగింది. ఆయన వేలు పెట్టి చూపించాడు. "అలలు ఇరుగుతున్న చోటు సూసి జనం బయపడతారు. అదిగో, ఆ మద్దెన సూడు, అల ఇరక్కుండా నీళ్ళు నున్నగా, నల్లగా ఉన్నాయి. అక్కడ బాగుందని సంబరపడి దిగుతారు. లాగీసేది అదే. లాగినప్పుడు ఒడ్డుకేసి ఈదకూడదు, అలిసిపోయి మునిగిపోతారు. ఎల్లకిలా తేలి సెయ్యెత్తాల. లాగుడు తగ్గాక పక్కకి పోయి ఒడ్డెక్కాల. ఒడ్డున ఉన్నోలు దూకకూడదు. తేలే వస్తువు ఇసరాల. ఎంత తెలిసినోడైనా దానికి ఈపు సూపించి నిలబడకూడదు."

"మేం కొండకి దండం పెట్టి, అడిగి ఎక్కుతాం. దీనికేటి పెట్టాల?"

"దండం పెట్టుకో తల్లీ, తప్పులేదు. దానికన్నా ముందు దూరం పెట్టు."

రాజులమ్మ అదంతా నోటుపుస్తకంలో రాసుకుని, రైలెక్కి, సొరంగాలన్నీ దాటుకుని ఊరికి చేరింది. బోర్డుని గెడ్డ పక్కన పాతించింది. బొర్రా గుహలు చూడడానికొచ్చి దారితప్పిన ఒక కారువాళ్ళు ఆ బోర్డు చూసి, బీచ్ ఎటువైపని అడిగారు. "ఇలాగే దిగిపోండి, నూట ఇరవై కిలోమీటర్లు. ఎల్లినా నీళ్ళలో మాత్రం దిగకండి," అంది ఆమె. పని పనే.

అసలు చిక్కు నెలవారీ నివేదికతో వచ్చింది. అందులో రోజువారీ గడులు: సముద్రం ఎలా ఉంది, అలల ఎత్తెంత, మునిగినవారెందరు. మొదటి నెల ముప్ఫై గడుల్లోనూ 'సముద్రం కనబడలేదు' అని రాసి పంపింది.

వరహాలరావు కంగారుగా ఫోన్ చేశాడు. "కనబడలేదంటే ఏటో అయిపోయిందనుకుంటున్నారమ్మా పైవాళ్ళు. ప్రశాంతంగా ఉందని రాసెయ్యండి."

"ఉందో లేదో తెలీకుండా ఎలా రాస్తాను బాబూ?"

మర్నాటి నుంచి ఆమె రోజూ పొద్దున్నే అంగన్‌వాడీ వెనక గుట్టెక్కేది. సిగ్నలు అక్కడే అందుతుంది. స్వామికి ఫోన్ చేసి సముద్రం సంగతి కనుక్కునేది. గాలెటు, అలెంత, పడవలు వెళ్ళాయా లేదా అన్నీ అడిగి రాసేది. 'ఈరోజు సముద్రం కోపంగా ఉన్నది. మా ఊరివారు ఎవరూ దిగలేదు. మునిగినవారు: సున్న.' నాలుగు నెలలు తిరిగేసరికి ఊరికి కూడా అలవాటైపోయింది. చోళ్ళ చేనుకు వెళ్ళేవాళ్ళు దారిలో ఆగి, "ఇవాల ఎలాగుంది వదినా?" అని అడిగేవారు. "వద్దు, పోటు మీదుంది," అంటే తలూపి కొండెక్కి వెళ్ళిపోయేవారు.

జాకెట్లు మాత్రం వానాకాలంలో పనికొచ్చాయి. బడి గెడ్డ అవతల ఉంది. రాజులమ్మ ఈ గట్టు చెట్టుకీ ఆ గట్టు చెట్టుకీ తాడు బిగించి, పిల్లలకి జాకెట్లు తొడిగి దాటించేది. నీరు ఎర్రబడిందంటే జెండా ఎత్తేది. అప్పుడు జాకెట్టున్నా సరే, ఎవరూ దాటడానికి లేదు. సంతకి పోవాలని మరిది ఫల్గుణ ఒకసారి గొడవపడ్డాడు. "ఇది మోకాలిలోతు గెడ్డ వదినా, సముద్రం కాదు," అన్నాడు. "దానికి ఆ సంగతి తెలీదు, కూకో," అంది. కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఎగువనుంచి ఒక పెద్ద మద్దిచెట్టు వేళ్ళతో సహా వాళ్ళ ముందునుంచే కొట్టుకుపోయింది.

మూడేళ్ళు గడిచాయి. తీరగ్రామాలన్నింటిలోనూ, ఒక్క ప్రాణం కూడా పోని ఊరు, ఒక్కరోజు కూడా నివేదిక మానని ఊరు చేపలబంద ఒక్కటే అని పైవాళ్ళు తేల్చారు. ఉత్తమ సురక్షిత తీరం కింద షీల్డు ప్రకటించారు. సభ శిక్షణ ఇచ్చిన పల్లెలోనే, సముద్రం ఒడ్డున. పరికరాలతో సహా హాజరు కావాలని ఉత్తరంలో ఉంది. రాజులమ్మ అలాగే జాకెట్లు, తాడు మూట కట్టుకుని వెళ్ళింది.

వేదిక మీద దేవీప్రసాద్ అనే పెద్దాఫీసరు మాట్లాడాడు. చేపలబంద తీరంలోని క్రమశిక్షణ గురించి, అక్కడి మత్స్యకారుల చైతన్యం గురించి పావుగంట చెప్పాడు. రాజులమ్మ చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఆయనకి నీళ్ళలో నిలబడి ఫోటో దిగాలనిపించింది. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, అలలు తక్కువగా ఉన్న చోటు చూసుకుని దిగి, సముద్రానికి వీపు పెట్టి కెమేరాకేసి నవ్వాడు.

నున్నగా, నల్లగా ఉన్న చోటు.

రాజులమ్మ విజిలు ఊదింది. అందరూ ఆమెకేసి చూశారు. ఎవరో ఊరుకోమని సైగ చేశారు. ఆమె ఇంకా గట్టిగా ఊదింది. ఆఫీసరు ఆమెకి చెయ్యి ఊపుతుండగా వెనకనుంచి నడుమెత్తు అల వచ్చి కాళ్ళు లాగేసింది. అది తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన్ని కూడా తీసుకుపోయింది.

ఆయన కింద పనిచేసే ఐదుగురు చొక్కాలతోనే పరిగెత్తారు. రాజులమ్మ తాడు అడ్డంపెట్టి ఆపేసింది. "దూకితే ఆరుగుర్ని లాగాల. ఆగండి," అంది. తర్వాత నీళ్ళకేసి తిరిగి, మూడేళ్ళ చంటిపిల్లల్ని కసిరే గొంతుతో కేక వేసింది. "బాబూ, ఈదకు. ఎల్లకిలా పడుకో. సెయ్యెత్తు."

పెద్దాఫీసరు, ఎన్నేళ్ళ తర్వాతో మరి, చెప్పినట్టు విన్నాడు. పొట్ట పైకి పెట్టి తేలాడు. చెయ్యి ఎత్తాడు. స్వామి జాకెట్లని తాడుకి కట్టి విసిరితే మొదటిది అందలేదు, రెండోది అందింది. పల్లెవాళ్ళు నలుగురు తాడుపట్టుకుని, ఒడ్డు వెంబడి పక్కకి నడుస్తూ ఆయన్ని మెల్లగా ఇసుకమీదికి తెచ్చారు.

తువ్వాలు కప్పుకుని వణుకుతూ కూర్చున్నాక ఆయన అడిగాడు. "మీ ఊరి బీచ్‌లో కూడా ఇలాగే చేస్తారామ్మా?"

"మాకు సముద్రం నేదు బాబూ. అరకు దాటాక కొండ మీద ఉంటాం."

ఆయన పక్కనున్న ఫైలు తీసి చాలాసేపు తిరగేశాడు. "మరి రోజూ అలల ఎత్తు రాశారు కదా?"

"స్వామన్న సెప్పింది రాసాను. ఒక్క రోజు మానలేదు."

ఆయన ఫైలు మూసి, షీల్డు తెప్పించి ఆమె చేతుల్లో పెట్టాడు. "ఉంచుకోండి. ఇది ఇంకెవరికి ఇవ్వాలో నాకూ తెలియడం లేదు," అన్నాడు.

రెండు నెలల తర్వాత వరహాలరావు తలవంచుకుని ఒక నోటీసు తెచ్చాడు. 'మీ గ్రామమునందు సముద్రము లేకపోవుటకు గల కారణములను ఏడు రోజులలోగా తెలియజేయవలెను' అని అందులో ఉంది.

"ఏదో ఒకటి రాసెయ్యమ్మా," అన్నాడు.

"ఏదో ఒకటి ఎందుకు, ఉన్నదే రాస్తాను," అంది రాజులమ్మ. ఊళ్ళో పెద్దవాళ్ళని నలుగుర్ని అడిగి కనుక్కుని, అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని రాసింది. 'మా తాతల కాలం నుంచి ఇక్కడ సముద్రం లేదు. మేము తీసివేయలేదు. ఉన్నట్టు ఊరిలో విన్నవారు కూడా లేరు. అది ఉన్న చోట కూడా దాని జోలికి మా ఊరివారు ఎవరూ పోలేదు.' కాస్త ఆగి, చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని కింద ఇంకో మాట చేర్చింది. 'మాకు సముద్రం అక్కరలేదు. గెడ్డ మీద కాలివంతెన కావలెను. అది కుదరనియెడల, చిన్నపిల్లలకు సరిపడు జాకెట్లు ఆరు.'

ఆగస్టులో ఆరు చిన్న జాకెట్లు వచ్చాయి. వంతెన ఇంకా రాలేదు.